ప్రత్యామ్నాయం అంటే ఎంత దూరం?

మెదక్ జిల్లా నర్సాపూర్‌లో ఇల్లు మొదలుపెట్టిన మనిషి సిమెంటు దుకాణానికి వెళితే ముందుగా వినపడే మాట "నలభై మూడా, యాభై మూడా?" అని. స్లాబుకు యాభై మూడు తెమ్మని మేస్త్రీ అప్పటికే చెప్పి పంపి ఉంటాడు. ఆ అంకె కంపెనీ పెట్టుకున్న పేరని చాలామంది అనుకుంటారు. కాదు. సిమెంటును ప్రామాణిక ఇసుకతో కలిపి దిమ్మెలు పోసి, 28 రోజులు తడిపి, యంత్రం కింద పెట్టి నొక్కితే చదరపు మిల్లీమీటరుకు కనీసం 53 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి. అప్పుడే బస్తా మీద 53 వేసుకునే హక్కు వస్తుంది. ఢిల్లీలో పరీక్షించినా, హైదరాబాద్‌లో పరీక్షించినా అదే దిమ్మె, అదే యంత్రం, అన్నే రోజులు. తయారుచేసినవాడికీ, కొన్నవాడికీ, తగువొస్తే తీర్పు చెప్పాల్సినవాడికీ ఆ మాట ఒకే రకంగా అర్థమవుతుంది.

ఆ అంకె వెనక ఉన్న పత్రాలు మాత్రం చాలాకాలం మూడు చోట్ల ఉండేవి. సాధారణ సిమెంటు ప్రమాణం ఐఎస్ 269 తొలిసారి 1951లో వచ్చింది. గ్రేడ్ల వాడుక వచ్చాక అది 33 గ్రేడ్‌కు చెందింది. 1976లో వచ్చిన ఐఎస్ 8112 తర్వాత 43 గ్రేడ్‌ది అయింది. 53 గ్రేడ్‌కు 1987లో ఐఎస్ 12269 వేశారు. బలం అంకెలు పక్కన పెడితే మూడింటిలోనూ చాలా భాగం ఒకటే పాఠం. సిమెంటు గట్టిపడటం మొదలుకావడానికి 30 నిమిషాలకు తక్కువ పట్టకూడదు, పూర్తిగా గట్టిపడటానికి 600 నిమిషాలు మించకూడదు అన్న షరతు మూడింటిలోనూ ఉండేది. సిమెంటు ఉబ్బు 10 మిల్లీమీటర్లు దాటకూడదన్నదీ అంతే. ఒక పత్రంలో ఒక వాక్యం మారిస్తే మిగతా రెండింటిలో మార్చడం మరిచిపోకూడదు. మరిచిపోతే ఒకే దేశంలో ఒకే సిమెంటుకు రెండు నియమాలు. 2015లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఈ మూడింటినీ ఐఎస్ 269లోనే కలిపేసింది. ఉమ్మడి షరతులు ఒక్కసారే రాశారు. గ్రేడ్లకు తేడా ఉన్నచోట పట్టికలో వేరే గడులు పెట్టారు. దినపత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కే వార్త కాదది. అయినా దేశంలో కడుతున్న ప్రతి గోడకూ సంబంధించిన మంచి పని.

నర్సాపూర్‌కు ఈ కథతో చుట్టరికం ఉంది. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అధిపతిగా చేసి, ఆ తర్వాత నల్లగొండ జిల్లాలో రాశి సిమెంట్‌ను నిలబెట్టిన డాక్టర్ బి.వి.రాజు పేరుతో 1997లో ఇక్కడే ఇంజినీరింగ్ కళాశాల వెలిసింది. అక్కడ సివిల్ చదివే పిల్లలు రెండో ఏడు, మూడో ఏడు నుంచి ఐఎస్ కోడ్ పుస్తకాలు చేతపట్టుకునే తిరుగుతారు. పరీక్షల కోసం పట్టికలు వెతకడం వాళ్లకు నేర్పుతారు. ఆ పట్టికల మధ్య ఉన్న వాక్యాలను నిలదీయడం కూడా నేర్పాలి. ఎందుకంటే ఇల్లు కూలినప్పుడో, తాగునీటి వల్ల పళ్లు గారకట్టినప్పుడో కోర్టు చదివేది ఆ వాక్యాలనే.

కాంక్రీటుకు మూలగ్రంథంలాంటి ఐఎస్ 456నే తీసుకుందాం. 1953లో పుట్టి, 2000లో నాలుగో సవరణ పొందింది. అందులో నీటి గురించి ఒక భాగం ఉంది. కలపడానికీ, క్యూరింగ్‌కూ వాడే నీరు శుభ్రంగా ఉండాలనీ, నూనెలు, ఆమ్లాలు, క్షారాలు, లవణాలు, చక్కెర, సేంద్రియ పదార్థాలు, ఇంకా కాంక్రీటుకు గానీ ఇనుముకు గానీ చెడు చేసేవేవీ హానికరమైన మోతాదులో ఉండకూడదనీ అంటుంది. హాని చేసేవి హాని చేసేంతగా ఉండకూడదు అన్నదే దాని సారాంశం. ఎవరూ కాదనలేరు, ఎవరూ కొలవనూ లేరు. దాని వెంటనే మరో వాక్యం: తాగునీరు సాధారణంగా సరిపోతుంది. ఆ తర్వాత గానీ అసలు సంగతి రాదు. ఇనుము వేసే కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించరాదు. ఇనుము లేని కాంక్రీటుకు 2000 దాకా ఫర్వాలేదు. పీహెచ్ 6కు తగ్గకూడదు. ఇలా కొలవదగిన అంకెలు.

ఇప్పుడు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 తెరవాలి. 2012 నాటి రెండో సవరణ ప్రకారం తాగే నీటిలో క్లోరైడుకు ఆమోదనీయ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేని చోట 1000 దాకా అనుమతించవచ్చు. ఒక పల్లెలో బోరు తప్ప దిక్కు లేదనీ, ఆ బోరు నీటిలో క్లోరైడు 800 ఉందనీ అనుకుందాం. ఆ ఊరికి అది తాగునీరే, ప్రమాణం ఒప్పుకున్న తాగునీరే. ఆ నీటితో స్లాబు పోయవచ్చా? "తాగునీరు సరిపోతుంది" అన్న వాక్యం పోయమంటుంది. దాని కిందున్న పట్టిక వద్దంటుంది. క్లోరైడు చేరితే లోపలి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పదేళ్లు తిరిగేసరికి స్లాబు అడుగున పెచ్చులూడి కడ్డీలు బయటపడతాయి. ఆ నష్టం కంట్రాక్టరుది కాదు, ఆ గదిలో పడుకునే కుటుంబానిది. "సాధారణంగా" అన్న చిన్న పదం పత్రాన్ని అబద్ధం కాకుండా కాపాడింది. ఇంటి యజమానిని కాపాడదు.

ఇక్కడ తప్పు అంకెలది కాదు. చెప్పిందే మూడు రకాలుగా చెప్పడం వల్ల వచ్చిన తంటా. పట్టిక ఒక్కటే ఉంటే ఈ సందే ఉండేది కాదు. మొదటి వాక్యం పట్టికకు ఏమీ కలపలేదు, రెండోది దాన్ని తోసిపుచ్చింది. ప్రమాణాలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ నిబంధనలు, అంటే ఐఎస్ఓ, ఐఈసీ సంస్థల ఉమ్మడి మార్గదర్శకాల రెండో భాగం, ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వేరేచోట ఉన్న షరతు కావాలంటే దాన్ని తిరిగి రాయకుండా అది ఉన్న చోటును చూపాలి. "తగినంత గట్టిగా", "చాలినంత బలంగా" లాంటి మాటలు వాడకూడదు, ఎందుకంటే వాటిని పరీక్షించి తేల్చలేం. మన దేశంలోనూ ప్రమాణాలు రాయడానికి ఒక ప్రమాణం ఉంది. దాని సంఖ్య ఐఎస్ 12. అంత ముందు వరసలో నిలిపారంటే రాత పద్ధతికి తొలితరం ఎంత విలువ ఇచ్చిందో తెలుస్తుంది. ఐఎస్ 1 జాతీయ పతాకానిది. మన పింగళి వెంకయ్య పేరుతో ముడిపడిన ఆ జెండాకు కాషాయం అంటే ఏ కాషాయమో రంగుల నిరూపకాల్లో, అంకెల్లో రాసి పెట్టారు. కాషాయం అని రాసి ఊరుకుంటే దేశంలో ఎన్ని అద్దకపు దుకాణాలుంటే అన్ని కాషాయాలు వచ్చేవి.

సైట్ ఇంజినీర్ల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తోసేయకూడదు. ఎండలో సెంట్రింగ్ మీద నిలబడిన మనిషి ఒక్కో షరతుకూ ఒక్కో పుస్తకం తిరగేయలేడు, ముఖ్యమైనవి అక్కడక్కడ మళ్లీ చెబితేనే పని నడుస్తుంది అంటారు. నిజమే. అయితే ఆ సౌకర్యం కోసం మళ్లీ చెప్పే మాటను "ఇది సమాచారం కోసం మాత్రమే, అసలు షరతు ఫలానా పట్టికలో ఉంది" అని గుర్తుపెట్టి చెప్పవచ్చు. చేతిపుస్తకాలు వేయవచ్చు. గోడ మీద అంటించే కాగితం వేయవచ్చు. మూలపత్రంలో మాత్రం ఒక షరతు ఒక్కచోటే బతకాలి. పైగా బీఐఎస్ ఇప్పుడు తన ప్రమాణాలను ఉచితంగా దించుకోనిస్తోంది, ఫోన్‌లోనే తెరుచుకోవచ్చు. ఇది ఊరికే జరగలేదు. ప్రజల ప్రాణాలకు సంబంధించిన ప్రమాణాలను డబ్బిచ్చి కొనుక్కోవాల్సిన గతి ఏమిటని కార్ల్ మాలముద్, సుశాంత్ సిన్హాలతో కలిసి 2015లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినవారిలో మన శ్రీనివాస్ కొడాలి ఒకరు. పత్రం అందరి చేతికీ వచ్చింది కాబట్టి ఇక దాని మాట తీరు మీద దృష్టి పెట్టడానికి వేళైంది.

క్లుప్తంగా రాయడం అంటే పొట్టిగా రాయడం అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. పని లేని మాట ఒక్కటీ ఉండకూడదు, పని ఉన్న సున్నా కూడా పోకూడదు.

సున్నా సంగతి దగ్గరగా చూడాలి. తాగునీటిలో ఫ్లోరైడుకు ఐఎస్ 10500 పెట్టిన ఆమోదనీయ పరిమితి లీటరుకు 1.0 మిల్లీగ్రాము. ఆ చివరి సున్నా దండగ అనిపిస్తుంది. ఒకటి అన్నా, ఒకటి పాయింట్ సున్నా అన్నా ఒకటే కదా అని. కాదు. ప్రయోగశాలలో వచ్చిన విలువను ప్రమాణంతో పోల్చేముందు ఎలా సవరించాలో ఐఎస్ 2 చెబుతుంది. దాదాపు ప్రతి భారతీయ ప్రమాణం తన ముందుమాటలో ఆ సంఖ్యను చూపిస్తుంది; నియమాలన్నీ మళ్లీ ఏకరువు పెట్టదు. ప్రమాణంలో పరిమితిని ఎన్ని దశాంశ స్థానాల్లో రాశారో పరీక్ష ఫలితాన్నీ అన్ని స్థానాలకే సవరించాలన్నది అందులో కీలకం. పరిమితి 1.0 అయితే, 1.04 వచ్చిన నీరు 1.0గా సవరించబడి నెగ్గుతుంది. 1.06 వస్తే 1.1 అయి ఓడుతుంది. సరిగ్గా 1.05 వస్తే? కొట్టేసే అంకె సరిగ్గా 5 అయితే ముందున్న అంకెను సరిసంఖ్యగా ఉంచాలి. ఇక్కడ ముందున్నది సున్నా, సరిసంఖ్యే, కాబట్టి 1.0 అవుతుంది. మెట్టు మెట్టుగా సవరించకూడదు, ఒక్కసారే చేయాలి, అంటే 1.549ని ముందు 1.55గా, తర్వాత 1.6గా మార్చకూడదు, నేరుగా 1.5 చేయాలి. ఇప్పుడు ఆ సున్నా తీసేసి పరిమితిని 1 అని రాశామనుకోండి. అప్పుడు 1.4 వచ్చిన నీరు కూడా 1గా మారి నెగ్గేస్తుంది. ఆ ఒక్క సున్నా తీస్తే ఫ్లోరైడు దాదాపు అరవంతు పెరిగిన నీరు చట్టబద్ధంగా పిల్లల గ్లాసులోకి వస్తుంది.

ఇనుముకు కవర్, అంటే దాని మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, సంగతీ అంతే. 1978 నాటి ఐఎస్ 456లో బీములో పొడవు కడ్డీకి 25 మిల్లీమీటర్ల కవర్ అని ఒక లెక్క, మిగతా ఇనుముకు 15 మిల్లీమీటర్లని ఇంకో లెక్క. 25 మిల్లీమీటర్లను కడ్డీ దగ్గర నుంచి కొలిస్తే దాని చుట్టూ వేసిన 8 మిల్లీమీటర్ల రింగు అందులోనే ఉంటుంది. రింగు బయట మిగిలేది 17. తుప్పు ముందుగా పట్టేది ఆ రింగుకే. 2000 సవరణలో కవర్ అంటే రింగులతో సహా మొత్తం ఇనుముకు అని నిర్వచించారు. రెండు మూడు మాటలు పెరిగాయి. ఎక్కడి నుంచి కొలవాలన్న తగువు తీరింది.

ఫ్లోరైడు అనగానే తెలుగు పాఠకుడికి నల్లగొండ గుర్తొస్తుంది. పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ మన దేశంలో తొలిసారి వెలుగులోకి వచ్చిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నీటిలో ఫ్లోరైడు తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే వాడుతుంది. ఇంత అనుభవించిన ప్రాంతానికి ఈ ప్రమాణంలోని ప్రతి మాటా ప్రాణంతో సమానం. అందుకే ఐఎస్ 10500 పట్టికలోని రెండు నిలువు వరసలను మళ్లీ చదవాలి.

మొదటి వరస పేరు 1991 సవరణలో "కోరదగిన పరిమితి" అన్న అర్థంలో ఉండేది. 2012లో దాన్ని "ఆమోదనీయ పరిమితి"గా మార్చారు. మార్పు మంచిది, కోరదగినదంటే కోరకపోయినా ఫర్వాలేదనే ధ్వని ఉంది. రెండో వరస పేరు "ప్రత్యామ్నాయ వనరు లేని పక్షంలో అనుమతించదగిన పరిమితి". ఫ్లోరైడుకు అది 1.5. పట్టిక కింద వివరణ కూడా ఉంది: ఆమోదనీయ పరిమితినే అమలు చేయాలని సిఫార్సు, అది దాటితే నీరు పనికిరానిది, అయినా వేరే వనరు లేకపోతే రెండో వరస దాకా ఓర్చుకోవచ్చు, దాన్నీ దాటితే ఆ వనరును వదిలేయాలి.

ఆచరణలో ఏం జరుగుతుందంటే, పలికేటప్పుడు ఆ పొడుగు పేరులో ముందు సగం రాలిపోతుంది. "ఫ్లోరైడు 1.4, అనుమతించిన పరిమితిలోనే ఉంది" అంటారు. ఏ షరతు మీద అనుమతించారో ఎవరూ గుర్తుచేయరు. ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంటే ఇక ఆ బోరుకు 1.5 వర్తించదు, 1.0 వర్తిస్తుంది. 2016 ఆగస్టు 7న పాత మెదక్ జిల్లాలోనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథను ప్రధానమంత్రి ప్రారంభించారు. గ్రామాల్లో తలకు రోజూ 100 లీటర్ల నీరు ఇవ్వడం దాని లక్ష్యం. నల్లా వచ్చిన ప్రతి పల్లెలోనూ తార్కికంగా ఆ రోజు నుంచే రెండో వరస గడువు తీరినట్టు. ఆ మాట మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఎందుకు లేదు? ప్రత్యామ్నాయ వనరు అంటే ఏమిటో ప్రమాణం నిర్వచించలేదు కాబట్టి. పక్క ఊళ్లో మంచి బోరుంటే అది ప్రత్యామ్నాయమా? ఎంత దూరంలో ఉంటే? నల్లా రెండు రోజులకోసారి వస్తే మధ్య రోజున ప్రత్యామ్నాయం ఉన్నట్టా, లేనట్టా? పైపు పగిలి వారం రోజులు నీళ్లు రాకపోతే ఆ వారానికి 1.5 తిరిగి అమల్లోకి వస్తుందా? ఇరవై లీటర్ల క్యాన్ డబ్బు పెట్టి కొనుక్కోవడం కూడా ప్రత్యామ్నాయమేనా? ఆ క్యాన్‌ను మన వీధుల్లో మినరల్ వాటర్ అంటారు గానీ ప్రమాణాల్లో సహజ మినరల్ వాటర్ వేరు, ఐఎస్ 13428 దానిది. ఆర్‌ఓ ప్లాంటులో పట్టి ప్యాక్ చేసే నీటికి ఐఎస్ 14543. మూత కూడా సరిగా బిగించని క్యాన్‌కు ఈ రెండూ వర్తించవు. ఫ్లోరైడును రెండో అంకె దాకా కొలవగల దేశం దూరాన్నీ, రోజులనూ, లీటర్లనూ కొలవకుండా వదిలేసింది. ఈ పత్రంలో ఒక జిల్లా ఎముకల బాగోగులు ఆధారపడిన మాట ఏదైనా ఉందంటే అదే, దానికే కొలత లేదు.

కొలత లేని మాట ఎంత దూరం తీసుకుపోతుందో 2003లో దేశమంతా చూసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సీసా నీళ్లలో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. వాటిలో చాలా సీసాల మీద ఐఎస్ఐ ముద్ర ఉంది. అప్పటి ప్రమాణం పురుగుమందులు "గుర్తించదగిన స్థాయికి లోపల" ఉండాలంది. వినడానికి అది చాలా కఠినమైన షరతు. అసలేమీ ఉండకూడదన్నట్టే ఉంది. కానీ గుర్తించగలిగేది పరికరం. సూచించిన పరీక్షా పద్ధతి మొరటుది అయితే ఎంత విషమున్నా గుర్తించలేదు, సీసా నెగ్గుతుంది. పద్ధతి ఎంత నాసిరకమైతే నీరు అంత స్వచ్ఛమన్నమాట. గొడవ తర్వాత ఆ మాట తీసేసి అంకెలు వేశారు: ఒక్కో పురుగుమందు లీటరుకు 0.0001 మిల్లీగ్రాము, అన్నీ కలిపి 0.0005. కొత్త నియమాలు 2004 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. అంకె వచ్చేసరికి ప్రయోగశాలలు పరికరాలు మార్చుకోక తప్పలేదు.

ఇలాంటి మాటలు అజ్ఞానంతో రావు. ప్రమాణం రాసేది ఒక మనిషి కాదు, ఒక సంఘం. తయారీదారులు, ప్రభుత్వ శాఖలు, ప్రయోగశాలలు, విద్యాసంస్థలు, వినియోగదారుల ప్రతినిధులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఏకాభిప్రాయానికి రావాలి. అంకె దగ్గర కుదరనప్పుడు "తగిన", "సాధారణంగా", "వీలైనంత వరకు" అన్న మాటల దగ్గర అందరికీ కుదురుతుంది. అందరూ సంతకం పెట్టి లేచిపోతారు. తెగని తగువు బల్ల మీద నుంచి సైటు మీదకు, ఊరి ట్యాంకి దగ్గరకు దిగుతుంది. అక్కడ వినియోగదారుల ప్రతినిధి ఉండడు. బలమున్నవాడి అర్థమే అర్థమవుతుంది.

ఏది తప్పనిసరి, ఏది సలహా అన్న తేడా చెరిగిపోవడం ఇంకో జబ్బు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఈ తలనొప్పిని 1997లోనే పట్టించుకున్నారు. నర్సాపూర్ కళాశాల మొదలైన ఏడాదే స్కాట్ బ్రాడ్నర్ ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం రాశారు. చేసి తీరాలి, చేయడం మంచిది, చేయవచ్చు అనే మూడు స్థాయిలకూ వాడాల్సిన మాటలేవో, వాటి అర్థమేమిటో ఒక్కచోట తేల్చారు. ఆజ్ఞార్థకాలను పొదుపుగా వాడాలని కూడా అందులోనే హెచ్చరించారు. ఆ తర్వాత వచ్చిన వందల పత్రాలు ఆ అర్థాలను తిరిగి రాయకుండా దాని సంఖ్య చెప్పి ముందుకు సాగుతున్నాయి. మన దగ్గర స్పీడ్ బ్రేకర్ల గతి చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99లో వంపు వ్యాసార్ధం 17 మీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు అని లెక్క కట్టింది. బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటాలని. అంకెలు చక్కగా ఉన్నాయి. కానీ ఆ 1988 పత్రం పేరులోనే "తాత్కాలిక మార్గదర్శకాలు" అని ఉండేది. ఊళ్ల లోపలి రోడ్ల మీద చారెడు వెడల్పు, మోకాలెత్తు గడ్డలు లేచాయి. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోవాలాకు వాటి బాధ తెలుసు. చక్కని అంకెకు కూడా దాని ముందు నిలిపిన క్రియాపదం బలహీనమైతే నడుము ఉండదు.

తెలుగులో రాసే ప్రభుత్వ పత్రాల్లో ఇది మరీ ముదిరింది. పంచాయతీలకు, మున్సిపాలిటీలకు వచ్చే తెలుగు ఆదేశాల్లో "తగు మోతాదులో బ్లీచింగ్ పౌడరు కలపవలెను", "నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించగలరు", "తగు చర్యలు తీసుకోవలసిందిగా కోరడమైనది" అన్న ధోరణి అందరికీ తెలిసిందే. తగు అంటే ఎంత? ఎప్పటికప్పుడు అంటే రోజూనా, వానాకాలంలోనా? పరీక్షించగలరు అంటే పరీక్షించాలనా, పరీక్షించే శక్తి ఉందనా? ఆ కాగితం అందుకున్న పంపు ఆపరేటరు తనకు తోచినంత పౌడరు బకెట్లో కలిపి ట్యాంకిలో పోస్తాడు. ఎక్కువైతే జనం వాసన అని తిడతారు, తక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. తప్పు మాత్రం అతడి మీదే పడుతుంది.

చిత్రమేమంటే ఇదే విషయంలో ఐఎస్ 10500 ఎంతో కచ్చితంగా ఉంది. క్లోరిన్ కలిపిన నీటిలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము. వైరస్‌ల నుంచి రక్షణ కావాల్సి వచ్చినప్పుడు కనీసం 0.5. దాన్ని వినియోగదారుడి దగ్గర కొలవాలి. అంటే ట్యాంకి దగ్గర కాదు, వీధి చివరి ఇంటి నల్లా దగ్గర. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడూ అందులో ఉన్నాయి. ఆ ఆదేశాన్ని తెలుగులో ఇలా రాయడానికి ఏం అడ్డు? "పంపు ఆపరేటరు రోజూ ఉదయం నీళ్లు వదిలాక, పైపులైను చివరి ఇంటి నల్లా దగ్గర క్లోరోస్కోప్‌తో పరీక్షించాలి. క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముకు తగ్గితే అదే రోజు మోతాదు పెంచాలి. అంకెను రిజిస్టరులో రాయాలి." మూడు వాక్యాలు. ఇందులో "తగు" లేదు, "కోరడమైనది" లేదు, చదువు అంతంతమాత్రం ఉన్న మనిషి కూడా తప్పు చేయడానికి సందు లేదు.

తెలంగాణ ప్రభుత్వం చేయదగిన పని ఒకటుంది, పెద్ద ఖర్చు లేనిది. సాంకేతిక ఆదేశాలకు తెలుగులో నాలుగు క్రియారూపాలు నిర్ణయించాలి. తప్పనిసరికి "చేయాలి", నిషేధానికి "చేయకూడదు", సలహాకు "చేయడం మంచిది", స్వేచ్ఛకు "చేయవచ్చు". మిగతా మర్యాదలన్నీ ఉత్తరాలకు వదిలేయాలి. ఇంగ్లీషులో ఇలాంటి మాటలను పెద్ద అక్షరాల్లో వేసి గుర్తుపెడతారు. మనకు ఆ వసతి లేదు కాబట్టి ముద్ద అక్షరాల్లో వేస్తే సరి. ప్రతి "చేయాలి"కీ ఒక అంకె, దాన్ని కొలిచే పద్ధతి, చేసే మనిషి పదవి ఉండాలి. అవి లేని ఆదేశం మీద సంతకం పెట్టే ముందు అధికారి దాన్ని వెనక్కి పంపాలి.

బీఐఎస్‌కు కూడా దారి మూసుకుపోలేదు. కొత్త ప్రమాణాలనూ, సవరణలనూ ఖాయం చేసే ముందు ముసాయిదాను అందరి అభిప్రాయం కోసం విడుదల చేస్తారు. ఇంజినీర్లే కానక్కర్లేదు, ఎవరైనా రాయవచ్చు. ఏ క్లాజు, ఏమిటి అభ్యంతరం, దాని బదులు ఏ వాక్యం కావాలి అని వివరంగా చెబితే సంఘం దాన్ని పరిశీలించాల్సిందే. సివిల్ విద్యార్థులు ఏటా ప్రాజెక్టులు చేస్తారు. ఒక బృందం ఐఎస్ 456లోని నీటి భాగాన్ని పట్టుకుని, మొదటి రెండు వాక్యాలు తీసేసి పట్టికను మిగిల్చితే సైటులో ఏం మారుతుందో చూపించవచ్చు. ఇంకో బృందం చుట్టుపక్కల ఊళ్ల బోర్లలో క్లోరైడు, ఫ్లోరైడు కొలిచి, నల్లా నీళ్లు ఏ ఊరికి వారానికి ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు వస్తున్నాయో పక్కన రాసి పెట్టవచ్చు. ఆ రెండు లెక్కలు పక్కపక్కన ఉంటే ప్రత్యామ్నాయ వనరుకు నిర్వచనం రాయడం కష్టమేమీ కాదు.

లీటర్ల లెక్క ఇప్పటికే ఉంది. జల్ జీవన్ మిషన్ గ్రామీణ ఇంట్లో తలకు రోజూ 55 లీటర్లను కనీసంగా పెట్టుకుంది. ఆ అంకెనే ఆధారంగా తీసుకుని ముసాయిదాకు పంపదగిన వాక్యం ఇలా ఉండవచ్చు: "ఆమోదనీయ పరిమితులకు లోబడిన నీరు ఇంటి ఆవరణలోని నల్లా ద్వారా తలకు రోజుకు 55 లీటర్లకు తగ్గకుండా అందుతున్న చోట ప్రత్యామ్నాయ వనరు ఉన్నట్టే పరిగణించాలి, అక్కడ రెండో వరస పరిమితులు వర్తించవు. సరఫరా ఆగితే ఆగిన తేదీని, మళ్లీ మొదలైన తేదీని రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ మధ్య రోజులకే రెండో వరస వర్తిస్తుంది." 55 సరిపోదు, 100 కావాలని నల్లగొండ వాళ్లు అంటే అనవచ్చు. సరఫరా ఆగిన రోజులకు గరిష్ఠ గడువు పెట్టాలని డాక్టర్లు అడగవచ్చు, అడగాలి కూడా. అప్పుడు వాదన అంకె మీద జరుగుతుంది.